బ్యాక్‌స్టేని యాంటెనా చేశాం, ఏడాదిన్నర పట్టింది

బోటు నాది కాదు, ఫ్రెండ్‌ది. రేడియో పిచ్చి మాత్రం నాదే, హ్యామ్‌ని, అంటే లైసెన్స్‌తో సరదాకి సొంత రేడియో నడిపేవాణ్ణి. వాడు ఒక పాత 36 అడుగుల సెయిల్‌బోట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, దాన్ని తుడిచి తోమి రంగులేసి నీళ్ళలోకి దించాక ఒకరోజు ఫోన్ చేసి "ఒరేయ్, ఒడ్డుకి దూరంగా పోతే వీహెచ్ఎఫ్ పలకట్లేదు, నువ్వేదో హ్యామ్ అంటావుగా, దీనికేదైనా చెయ్యి" అన్నాడు. అంతే. ఆ ఒక్క ఫోన్‌తో ఏడాదిన్నర వీకెండ్లు పోయాయి. పోతే పోయాయి గానీ బోలెడు నేర్చుకున్నా, అవన్నీ ఒకచోట రాసిపెడదామని ఈ పోస్ట్.

ముందు వీహెచ్ఎఫ్ (బోట్లలో దగ్గరి దూరాలకి వాడే రేడియో) ఎందుకు పలకలేదో చెప్పేస్తా, అది చిన్న విషయమే. అందులో అందరూ వినే పిలుపుల ఛానెల్ 16 అంటే 156.8 మెగాహెర్ట్జ్, ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం దాదాపు కంటిచూపులాగే తిన్నగా పోతుంది, భూమి వంపు తిరిగిపోతే సిగ్నల్ పైనుంచి వెళ్ళిపోతుంది. తెరచాప కొయ్య (మాస్ట్) మీద 16 మీటర్ల ఎత్తులో యాంటెనా ఉంటే దానికి దక్కేది సుమారు 9 నాటికల్ మైళ్ళు, అవతలి బోటుకీ అంతే ఎత్తుంటే ఇద్దరిదీ కలిపి 18. ఎన్ని వాట్లు పెంచినా ఇంతకి పెద్ద తేడా రాదు. దూరం కావాలంటే హెచ్ఎఫ్‌కి రావాల్సిందే, అంటే 2 నుంచి 26 మెగాహెర్ట్జ్ మధ్య మెరైన్ బ్యాండ్లు, ఆకాశంలో చాలా ఎత్తునుండే ఐయనోస్ఫియర్ అనే పొరకి తగిలి వంగి మళ్ళీ కిందికొచ్చే తరంగాలు, వందలు కాదు వేల మైళ్ళు.

ఇక్కడే చిక్కు. వీహెచ్ఎఫ్‌లో వేవ్‌లెంగ్త్ రెండు మీటర్ల లోపే కాబట్టి కొయ్య చివర ఒక మీటర్ కడ్డీ గుచ్చితే పని అయిపోతుంది. హెచ్ఎఫ్‌లో 8 మెగాహెర్ట్జ్‌కి పావు వేవ్‌లెంగ్త్ అంటేనే 9 మీటర్లు. పాత డిస్ట్రెస్ ఫ్రీక్వెన్సీ 2182 కిలోహెర్ట్జ్‌కైతే 34 మీటర్లు. 36 అడుగుల బోటులో 34 మీటర్ల తీగ ఎక్కడ కడతాం చెప్పండి. సరే అంత కాకపోయినా పది పన్నెండు మీటర్లు కావాలి, పైకి నిలువుగా ఉండాలి, గాలికి తట్టుకోవాలి. అలాంటి తీగ బోటులో ఆల్రెడీ ఒకటుంది. కొయ్య చివర నుంచి బోటు వెనక అంచు దాకా బిగించి కట్టిన స్టీల్ తీగ, దాన్నే బ్యాక్‌స్టే అంటారు.

ఈ ఐడియా కొత్తదేం కాదు. 1912లో టైటానిక్ పంపిన ఎస్ఓఎస్ కూడా దాని రెండు కొయ్యల మధ్య కట్టిన తీగల నుంచే వెళ్ళింది, అప్పటి ఫ్రీక్వెన్సీ 500 కిలోహెర్ట్జ్, వేవ్‌లెంగ్త్ 600 మీటర్లు. మార్కోనీకి ఎలెట్రా అని సొంత యాట్ ఉండేది, తేలే ల్యాబ్ లాంటిది, దాని కొయ్యల మధ్యా తీగలే. కొయ్యలున్న ఓడలో యాంటెనాకి వేరే స్తంభం పాతక్కర్లేదు కదా. తేడా ఏంటంటే వాళ్ళు యాంటెనా కోసం వేరే తీగ కట్టారు, మనం కొయ్యని నిలబెట్టే తీగనే వాడుకుంటున్నాం. ఈ తేడా ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలీదు.

ఎలా చేస్తారంటే, బ్యాక్‌స్టేని పైన ఒకచోట, కింద ఒకచోట కోసి మధ్యలో ఇన్సులేటర్లు పెడతారు. పైది కొయ్య చివర నుంచి ఒక 30 సెంటీమీటర్లు కిందికి, కిందిది డెక్ మీద నిలబడి చెయ్యి చాపినా అందనంత ఎత్తులో. ఆ రెండిటి మధ్యలో మిగిలిన స్టీల్ ముక్కే యాంటెనా. బోటు లోపల వెనకవైపు ఆటోమేటిక్ ట్యూనర్ (ఏ ఫ్రీక్వెన్సీలోనైనా తీగని రేడియోకి సరిపెట్టేది) అనే డబ్బా పెట్టి, అక్కణ్ణుంచి ఒక తీగ పైకి తీసుకెళ్ళి కింది ఇన్సులేటర్‌కి కాస్త పైన స్టేకి క్లాంప్ చేస్తారు. చదివితే అరగంట పనిలా ఉంటుంది.

నేను ఇదంతా కాగితం మీద గీసుకుని రిగ్గర్ (కొయ్యలు, వాటి తీగలు బిగించే పనివాడు) దగ్గరికి పట్టుకెళ్ళా. పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా కొయ్యలెక్కి దిగిన మనిషి. నా బొమ్మ చూసి నవ్వలేదు, తిట్టలేదు. "బాబూ, ఈ తీగ కొయ్యని వెనక్కి పట్టుకుంటుంది, ఇది తెగితే పోయేది నీ రేడియో కాదు, కొయ్య పోతుంది, ఇప్పుడు బాగున్న తీగని రెండుచోట్ల కోస్తే నాలుగు కొత్త జాయింట్లొస్తాయి, తీగ ఎప్పుడూ మధ్యలో తెగదు, జాయింట్ దగ్గరే తెగుతుంది" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివితే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్టే తీగ 1×19 అని 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌తో పేనింది, పంతొమ్మిది పోగులు. ఉప్పునీళ్ళు ఫిట్టింగ్ నోట్లోకి దిగి లోపల నిలబడిపోతే పైకి మెరుస్తూనే లోపల తినేస్తుంది. ఇన్సులేటర్లలో ఫెయిల్‌సేఫ్ రకం ఉన్నాయి, వాటిలో ప్లాస్టిక్ పగిలిపోయినా లోపలి రెండు లోహపు భాగాలు గొలుసు లింకుల్లాగా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఆగుతాయి, యాంటెనా పోతుంది గానీ కొయ్య పడదు. కొంటే అవే కొనాలి, ఇందులో రెండో ఆలోచనే వద్దు. అయినా ఆయన సలహా ఇంకోటి. "ఇంకో ఏడాదికో రెండేళ్ళకో తీగలన్నీ ఎలాగూ మార్చాలి, అప్పుడు కొత్త తీగతో పాటు పెడదాం, అప్పటిదాకా తాడుతో కానివ్వు."

తాడంటే రోప్ యాంటెనా. మామూలు సన్నటి మోకు, దాని కడుపులో రాగి తీగ. జెండా ఎగరేసినట్టు హాల్‌యార్డ్‌తో (తెరచాప పైకి లాగే తాడు) కొయ్య పైకి లాగేస్తాం, కింది కొస వెనక మూలకి కట్టేస్తాం. బరువు మోయదు, కోత లేదు, నచ్చకపోతే దించేసి చుట్ట చుట్టి లోపల పడేయొచ్చు. నిజం చెప్పాలంటే నాకు అది కాస్త చిన్నతనంగా అనిపించింది, స్టేని వాడితే ఉన్న గ్లామర్ తాడులో ఎక్కడుంది. కానీ ఇవాళ ఎవరైనా అడిగితే మాత్రం ముందు తాడుతోనే మొదలెట్టమంటా, ఎందుకంటే నేను చేసిన తప్పులన్నీ తాడు మీదే చేశా, స్టే మీద చేసుంటే ప్రతి తప్పుకీ రిగ్గర్‌ని పిలవాల్సొచ్చేది.

మొదటి తప్పు ట్యూనర్ నుంచి తాడు దాకా కోయాక్స్ (టీవీ కేబుల్ లాంటిది, మధ్యలో తీగ, చుట్టూ లోహపు షీల్డ్) వెయ్యడం. హ్యామ్ బుర్ర కదా, రేడియో అంటే కోయాక్స్, చెయ్యి దానంతటదే అటు పోయింది. రేడియో నుంచి ట్యూనర్ దాకా కోయాక్సే కరెక్ట్, అక్కడ 50 ఓమ్‌లు. కానీ ట్యూనర్ దాటాక కథ వేరు, అక్కణ్ణుంచి యాంటెనా మొదలైపోయినట్టే, ఆ కనెక్షన్ తీగ కూడా యాంటెనాలో భాగమే. లెక్క చూడండి, 12 మీటర్ల తీగకి 2 మెగాహెర్ట్జ్ దగ్గర మొత్తం కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లకి అటూ ఇటూ. మామూలు కోయాక్స్‌కి ఒక్క మీటర్‌కే 100 పికోఫారడ్లు. అంటే నేను పెట్టిన మీటర్ కోయాక్స్ నా యాంటెనా మొత్తంతో సమానంగా కరెంట్‌ని తాగేస్తోంది, తాగి ఎక్కడికీ పంపట్లేదు, తన షీల్డ్‌లోనే తిప్పుకుంటోంది. ట్యూనర్ మాత్రం పాపం దాన్నీ ట్యూన్ చేసి మ్యాచ్ అయిందని పచ్చ లైట్ చూపిస్తుంది. పచ్చ లైట్‌ని నమ్మకూడదని అప్పుడు తెలిసింది. ట్యూనర్ చూసేది రేడియోకి సుఖంగా ఉందా లేదా అనే, పవర్ ఆకాశంలోకి పోయిందా కేబుల్‌లో కాలిపోయిందా అనేది దానికి అక్కర్లేదు.

కోయాక్స్ పీకేసి జీటీవో-15 తీగ వేశా, నియాన్ సైన్ బోర్డులకి వాడే హై వోల్టేజ్ తీగ అది, 15 వేల వోల్టులకి తట్టుకుంటుంది, షీల్డ్ ఉండదు. అంత అవసరమా అంటే అవసరమే. 2 మెగాహెర్ట్జ్‌లో 150 వాట్లు పొట్టి తీగలోకి తోస్తే ట్యూనర్ నోటి దగ్గర వోల్టేజ్ రెండు వేలు దాటుతుంది. ఈ తీగని రెయిలింగ్‌కో స్టే కింది ముక్కకో అంటించి కట్టకూడదు, చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలు అడ్డం పెట్టి కాస్త దూరంగా నిలబెట్టాలి.

వోల్టేజ్ అంటే గుర్తొచ్చింది. తాడు కింది కొసలో రాగి కాస్త బయటికి తేలి ఉంది, నేను ఇటు పీటీటీ (మైక్ మీద మాట్లాడే బటన్) నొక్కి ఆ అంటూ టెస్ట్ చేస్తున్నా, మా వాడు అటు దాన్ని సర్దబోయి వేలు పెట్టాడు. షాక్ కొట్టదు, కాలుతుంది. వేలి మీద తెల్లటి చుక్క, చర్మం లోపలికి కాలిన వాసన, మానడానికి మామూలు కాలిన పుండు కంటే ఎక్కువ రోజులు పట్టింది. కింది ఇన్సులేటర్ చేతికి అందనంత ఎత్తులో ఎందుకు పెట్టాలో వాడికి నేను మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. తిట్లు తిన్నా, తినాల్సినవే.

రెండో తప్పు పొడుగు. తాడులో తీగ పదిన్నర మీటర్లు, జీటీవో తీగ మీటరున్నర, మొత్తం 12. 4, 6, 8 బ్యాండ్లలో ట్యూనర్ చక్కగా పట్టుకుంది, 12 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి రాగానే లోపల రిలేలు టకటకటకా కొట్టుకుని కొట్టుకుని చేతులెత్తేసింది. ట్యూనర్ పాడైందనుకున్నా, విప్పి చూశా కూడా (విప్పకూడదు, సీల్ పోతుంది). తర్వాత కాగితం తీసి లెక్కేస్తే తల కొట్టుకున్నా. ఒక కొసలో ఫీడ్ చేసే తీగ సరిగ్గా సగం వేవ్‌లెంగ్త్ ఉంటే ఆ కొస దగ్గర ఇంపెడెన్స్ (కరెంట్‌కి అడ్డు) వేల ఓమ్‌లకి ఎగబాకుతుంది, ట్యూనర్‌కి అది మింగుడు పడదు. 150ని తీగ పొడుగుతో భాగిస్తే ఆ చెడ్డ ఫ్రీక్వెన్సీ వస్తుంది, 12 మీటర్లకి పన్నెండున్నర మెగాహెర్ట్జ్, చుట్టూ ఉన్న లోహం వల్ల నిజానికి ఇంకాస్త కిందికి దిగుతుంది, అంటే సరిగ్గా మనకి కావాల్సిన బ్యాండ్ నెత్తిన కూర్చుంది. ఇంకో రెండున్నర మీటర్లు కలిపి పద్నాలుగున్నర చేశా, చెడ్డ చోటు 10 మెగాహెర్ట్జ్ దగ్గరికి జరిగింది, 8కీ 12కీ మధ్య, అక్కడ మెరైన్ బ్యాండ్ లేదు. దానికి రెట్టింపు దగ్గర ఇంకో చెడ్డ చోటు ఉంటుంది, అక్కడ మాకు పని లేదు. ఇదే స్టేలో జరిగుంటే ఇన్సులేటర్ జరపడం అంటే మళ్ళీ తీగ కోయడమే. అందుకే స్టే కోసేముందు జీటీవో తీగ పొడుగు కూడా కలిపి లెక్కేసుకోండి, చాలామంది ఇన్సులేటర్ నుంచి ఇన్సులేటర్‌కే కొలుస్తారు.

ఇక అసలు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే సగం మంది ఇక్కడే దెబ్బతింటారు, ఏడాదిన్నరలో ఆరు నెలలు నేనూ ఇక్కడే ఇరుక్కున్నా.

అందరూ పైకి చూస్తారు. స్టే ఎంత పొడుగు, ఇన్సులేటర్ ఏది, తీగ స్టీలా రాగా. స్టీల్ రాగి కంటే కరెంట్‌ని నలభై రెట్లు ఎక్కువ అడ్డుకుంటుంది, అది యాంటెనాగా పనికొస్తుందా అని నన్నడిగినవాళ్ళు బోలెడు మంది. పనికొస్తుంది. తీగ లావుగా ఉంటుంది కాబట్టి స్కిన్ ఎఫెక్ట్ (రేడియో కరెంట్ తీగ పై పొరలోనే పారడం) లెక్కేసినా 8 మిల్లీమీటర్ల స్టేలో 2 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం అర ఓమ్ మించదు. పోయేది అక్కడ కాదు, కింద.

ఒకే ఒక్క తీగ యాంటెనా అవదు. తీగలోకి కరెంట్ తోయాలంటే రెండో కాలు ఎక్కడో ఆనాలి, ఆ రెండో కాలు సముద్రం. యాంటెనా అంటే సగం తీగ, సగం నీళ్ళు. 12 మీటర్ల తీగకి 2182 కిలోహెర్ట్జ్ దగ్గర రేడియేషన్ రెసిస్టెన్స్ 3 ఓమ్‌లే, అంటే సిగ్నల్‌గా బయటికి పోయే భాగం విలువ అది. కింద గ్రౌండ్‌లో 10 ఓమ్‌ల నష్టం ఉందనుకోండి, 13లో 3 వంతులు బయటికి, మిగతా 10 వంతులు బోటుని వెచ్చబెట్టడానికి. 150 వాట్ల రేడియోలో ముప్ఫై అయిదు వాట్లు మిగులుతాయి. పైన ఎంత మంచి తీగ పెడితే ఏం లాభం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈ బాధ తగ్గుతుంది, 8 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియేషన్ రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది కాబట్టి అంతే గ్రౌండ్ నష్టం అక్కడ అంతగా కొరకదు. మొదట్లో నేను 8లో మాత్రమే టెస్ట్ చేసి అంతా బాగుందనుకోవడానికి కారణం అదే.

ఉప్పునీళ్ళంత మంచి గ్రౌండ్ నేల మీద దొరకదు. ఇంటి మీద నిలువు యాంటెనా పెట్టినవాళ్ళకి తెలుసు, కింద చుట్టూ చక్రం ఆకుల్లా ముప్ఫై నలభై రేడియల్ తీగలు పరిచినా మట్టి ఎంతో కొంత తాగేస్తుంది. సముద్రం అలా కాదు, కరెంట్ 2 మెగాహెర్ట్జ్ దగ్గర నీళ్ళలో పై 16 సెంటీమీటర్లలోనే దాదాపుగా పారేస్తుంది, 8 మెగాహెర్ట్జ్‌కైతే 8 సెంటీమీటర్లు. అంటే ఆ పల్చటి పొరే మన అద్దం. నిలువు తీగ నుంచి దిగంతానికి దగ్గరగా, తక్కువ కోణంలో పోయే సిగ్నల్‌ని మట్టి మింగేస్తుంది, సముద్రం మింగదు, దూరం పోయేది అదే. ఇది తలుచుకుంటే నా ఇంటి మీద యాంటెనా మీద నాకే జాలేసింది.

మరి ఆ నీళ్ళని పట్టుకోవడం ఎలా. బోటు ఫైబర్‌గ్లాస్, అంటే మనకీ నీళ్ళకీ మధ్య ఇన్సులేటర్. నేను మొదట చేసింది ట్యూనర్ గ్రౌండ్ స్క్రూ నుంచి ఇంజన్‌కి ఒక గుండ్రటి వైరు. లావుగా ఉంది కదా చాలనుకున్నా. డీసీకి (బ్యాటరీ కరెంట్) చాలు, ఆర్ఎఫ్‌కి (రేడియో కరెంట్) చాలదు, రెండు మూడు మీటర్ల వైరు అంటేనే దానికి బోలెడు ఇండక్టెన్స్, ఫ్రీక్వెన్సీ పెరిగితే అదే గోడ అయిపోతుంది. అందుకే వెడల్పాటి రాగి రేకు వాడతారు, ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, మందం కాగితమంత ఉన్నా పర్లేదు, వెడల్పే ముఖ్యం, వీలైనంత పొట్టిగా.

కొందరు నీళ్ళలో మునిగే కంచు ప్లేట్ బిగిస్తారు, లేదా దగ్గర్లో ఉన్న కంచు త్రూ-హల్‌కి (బోటు అడుగు కన్నంలో బిగించిన గొట్టం) రేకు కలుపుతారు. మా వాడు బోటు అడుగున కొత్త కన్నం అనగానే నా మొహం చూసిన చూపు నేను మర్చిపోలేను. అక్కర్లేదు కూడా. బోటు లోపలివైపు, నీటిమట్టం కింద, ఒక చదరపు మీటర్ రాగి రేకు పరిచి అంటిస్తే అటు నీళ్ళు, ఇటు రేకు, మధ్యలో సెంటీమీటర్ ఫైబర్‌గ్లాస్, ఇంతకంటే కెపాసిటర్ ఇంకేముంటుంది. లెక్కకి 3,500 పికోఫారడ్లు వస్తుంది, 8 మెగాహెర్ట్జ్ దగ్గర 6 ఓమ్‌ల కంటే తక్కువ అడ్డు, 2 దగ్గర ఇరవై పైచిలుకు, అది కూడా నష్టం కాదు, ట్యూనర్ సర్దుకునే రియాక్టెన్స్. కన్నం లేకుండా, తడి లేకుండా, సముద్రంతో కనెక్షన్.

పని మాత్రం నరకం. అడుగు భాగంలో తల దూర్చి, మోకాళ్ళ మీద, జిగురు వాసనలో, రేకు అంచులు కత్తిలా వేళ్ళు కోస్తాయి, నాలుగు రోజులు పట్టింది. ఇంకోటి, రేకుని ఇంజన్‌కో త్రూ-హల్‌కో కలిపేటప్పుడు మధ్యలో ఒకచోట రేకు కోసి చిన్న సందు వదిలి అక్కడ కెపాసిటర్ పెట్టాలి, 0.1 మైక్రోఫారడ్ లాంటివి నాలుగైదు పక్కపక్కన. ఆర్ఎఫ్ దూకేస్తుంది, డీసీ ఆగిపోతుంది. ఇది లేకపోతే బోటులో వేరువేరు లోహాలన్నీ రాగి రేకుతో కలిసి ఉప్పునీళ్ళలో ఒక పెద్ద బ్యాటరీ తయారవుతుంది, అందులో ఏది బలహీనమైన లోహమో అది కరిగిపోతుంది. రేడియో బాగా పలికి ప్రొపెల్లర్ కరిగిపోతే ఏం చేసుకుంటాం.

రేకు పరిచాక మొదటిసారి 4 మెగాహెర్ట్జ్‌లో పిలిస్తే అంతకుముందు వారం నన్ను అసలు వినలేకపోయిన స్టేషన్ తిరిగి జవాబిచ్చింది. అదే తాడు, అదే రేడియో, అదే సాయంత్రం వేళ. పైన ఒక్క సెంటీమీటర్ మార్చలేదు.

వినడం వేరే గొడవ. పంపడం కుదిరాక రిసీవర్ ఆన్ చేస్తే బ్యాండంతా జుయ్యిమని ఒకటే మోత. టెస్ట్‌కి నాకు అలవాటైన డబ్ల్యూడబ్ల్యూవీ టైమ్ సిగ్నల్, 5, 10, 15 మెగాహెర్ట్జ్‌లో టిక్ టిక్ అంటూ ఎప్పుడూ ఉంటుంది, అది కూడా మోతలో మునిగిపోయింది. ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాం, ఫ్రిజ్ ఆపితే కొంత తగ్గింది, ఇన్వర్టర్ ఆపితే ఇంకొంత, సోలార్ చార్జర్ ఆపగానే అబ్బ, చెవుల్లోంచి దూది తీసినట్టయింది. దూరం నుంచి వచ్చే సిగ్నల్‌కి శత్రువు సముద్రంలో లేడు, బోటులోనే ఉన్నాడు. వైర్లలో ఈ మోతని అణిచే ఫెర్రైట్ క్లిప్పులు గుప్పెడు కొని చార్జర్ వైర్లన్నిటికీ తొడిగాం, చాలావరకు దారికొచ్చింది. అయినా ముఖ్యమైన వాతావరణం బులెటిన్ వినేటప్పుడు ఇప్పటికీ సోలార్ స్విచ్ ఆపేస్తాం.

కరెంట్ సంగతి ఒక్క ముక్క. 150 వాట్ల హెచ్ఎఫ్ రేడియో మాట గట్టిగా పలికిన క్షణంలో 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి సన్న వైరు వేస్తే వోల్టేజ్ పడిపోయి అవతలివాళ్ళకి మన గొంతు నీళ్ళలో బుడగల్లా వినిపిస్తుంది. లావు వైరు, తిన్నగా బ్యాటరీకి.

ఆ తర్వాత ఏడాదికి తీగలు మార్చే టైమ్ రానే వచ్చింది, పెద్దాయన మాట తప్పలేదు, కొత్త బ్యాక్‌స్టే ఇన్సులేటర్లతో సహా వేశాడు. పొడుగు నేను చెప్పిన చోటికే, జీటీవోతో కలిపి పద్నాలుగున్నర. అందరూ అడిగేది, మరి స్టేకి తాడుకి ఎంత తేడా అని. నా చెవికి తేడా తెలీలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు సిగ్నల్ రిపోర్ట్ ఇచ్చినా అటూ ఇటూగా అదే. తాడుతో ఒక్క జాగ్రత్త ఉంది, ఇన్సులేటర్ లేని స్టేకి తాడుని ఆనించి కడితే స్టేలో ఎదురు కరెంట్ పుట్టి సిగ్నల్‌ని చంపేస్తుంది, అందుకే కింది కొసని అవతలి మూలకి దూరంగా లాగి కట్టాలి, అప్పుడది తెరచాపకీ మనుషులకీ అడ్డొస్తుంది, ఒకసారి గాలి మళ్ళినప్పుడు బూమ్‌కి (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) చిక్కుకుంది కూడా. స్టే ఎవరికీ అడ్డు రాదు. స్టే గొప్పతనం అంతవరకే, సిగ్నల్‌లో కాదు. కాబట్టి తీగలు ఎలాగూ మారుస్తుంటే పెట్టించుకోండి, బాగున్న స్టేని మాత్రం రేడియో కోసం కోయొద్దు.

స్టార్‌లింక్ ఉండగా ఇదంతా ఎందుకయ్యా అని నన్ను అడగనివాళ్ళు లేరు. ఇంటర్నెట్‌కి అదే మంచిది, నేను వాదించను. కానీ హెచ్ఎఫ్‌లో ఒకరు మాట్లాడితే ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న బోట్లన్నీ వింటాయి, నంబర్ తెలియాల్సిన పని లేదు, మధ్యలో ఏ కంపెనీ లేదు. డీఎస్సీ (డిజిటల్ ఆపద పిలుపు) బటన్ నొక్కితే 8414.5 కిలోహెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీలలో కాపలా కాసే ఓడలకీ ఒడ్డు స్టేషన్లకీ అలారం మోగుతుంది. (లైసెన్స్, ఎంఎంఎస్ఐ అనే బోటు రేడియో గుర్తింపు నంబర్ తీసుకున్నాకే ఇవన్నీ, ఆ ఫ్రీక్వెన్సీలలో సరదా టెస్టులు చేయకూడదు.)

అయితే దీని బలహీనత కూడా ఒప్పుకోవాలి. యాంటెనా కొయ్యకి కట్టి ఉంది, కొయ్య పోతే యాంటెనా పోతుంది, సాయం ఎక్కువ అవసరమయ్యేది అప్పుడే. 2018 గోల్డెన్ గ్లోబ్ రేస్ 1968 నాటి టెక్నాలజీతో ఒంటరిగా భూమి చుట్టే రేస్, ఒడ్డుతో మామూలు మాటలకి ఎక్కువగా హెచ్ఎఫ్ రేడియోనే దిక్కు. సెప్టెంబర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి అభిలాష్ టోమీ బోటు తురీయ తిరగబడి కొయ్య పోయింది, ఆయన వెన్నెముకకి దెబ్బ తగిలి లేవలేకపోయారు. ఆయన సందేశాలు బయటికొచ్చింది శాటిలైట్ టెక్స్ట్ పరికరం ద్వారా, సెప్టెంబర్ 24న ఫ్రెంచ్ నౌక ఒసిరిస్ వచ్చి రక్షించింది. అది చదివిన రోజే మా వాడు శాటిలైట్ బీకన్ బ్యాటరీ డేట్ చెక్ చేశాడు, నేను పది మీటర్ల ఇన్సులేటెడ్ తీగ ఒకటి చుట్టి, కొసకి క్లిప్ పెట్టి, ట్యూనర్ పక్కన ప్లాస్టిక్ సంచిలో కట్టి వేలాడదీశా. కొయ్య లేకపోయినా బోట్‌హుక్‌కో, మిగిలిన ముక్కకో కట్టి ట్యూనర్‌కి తగిలిస్తే ఏదో ఒకటి పలుకుతుంది, గ్రౌండ్ రేకు ఎలాగూ అడుగునే ఉంటుంది కదా.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. 12 మెగాహెర్ట్జ్‌లో నేను పీటీటీ నొక్కగానే ఆటోపైలట్‌కి పూనకం వస్తుంది. దాని కంపాస్ వైరు ట్యూనర్‌కి మరీ దగ్గర నుంచి పోతోంది, అటు మార్చడానికి దారి లేదు, ఫెర్రైట్లు ఎన్ని తొడిగినా మాట గట్టిగా పలికినప్పుడల్లా బోటు పది డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. కాబట్టి ప్రస్తుతానికి పద్ధతి ఏంటంటే నేను లోపల్నుంచి "మాట్లాడుతున్నా" అని అరుస్తా, వాడు పైన ఆటోపైలట్ ఆపి చుక్కాని చేత్తో పట్టుకుని "ఊఁ, కానివ్వు" అంటాడు, అప్పుడు నొక్కుతా.